పడమటి వాకిలి

పడిపోయే ఇళ్ళని చూడటం ఉజ్వల ఉద్యోగం. బాల్టిమోర్ నగరంలో తలుపులకి ప్లైవుడ్ కొట్టేసి, కిటికీల్లోంచి చెట్లు మొలిచి, ఎవరికీ అక్కర్లేకుండా నిలబడిపోయిన కట్టడాలు వీధులకి వీధులున్నాయి. వాటి ముందు నిలబడి, లోపలికి దారి ఉంటే లోపలికెళ్ళి, ఇందులో నిలబెట్టుకోదగ్గ పనితనం ఏమైనా ఉందా, లేక బుల్డోజర్‌కి అప్పజెప్పడమేనా అన్నది తేల్చి చెప్పాలి. సిటీ వాళ్ళు ఆ పని ఆమె పనిచేసే చిన్న కంపెనీకి ఇస్తారు. కంపెనీ ఉజ్వలకి ఇస్తుంది.

“ఏం మే, పడిపోయే ఇండ్లు చూసేదానికి ఆడ దుడ్లిస్తారా?” అని మొదట్లో వాళ్ళమ్మ శ్రీకాళహస్తి నుంచి ఫోన్లో అడిగింది. “ఆ పని మన వీధిలో ముసలోళ్ళంతా అరుగుల మీద కూసోని ఊరికే చేస్తా ఉండారు కదే!”

ఉజ్వల నవ్వింది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. అందుకని ఏ పనైనా గట్టిగా పట్టుకుని చేస్తుంది. తను తప్పు చేస్తే అది తన ఒక్కదానితో పోదని, ఇంటిల్లిపాదికీ చుట్టుకుంటుందని ఆమె భయం.

మనుషుల్లేని ఇళ్ళలో పగలంతా తిరిగి, మనిషి లేని తన ఒంటిగది ఫ్లాట్‌కి చేరుతుంది. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో ఎవరో “హావ్ ఎ గుడ్ వీకెండ్” అంటారు. ఆదివారం హెర్న్‌డన్ వెళ్ళేదాకా ఆమె చెవిన పడే ఆఖరి మాట అదే.

హెర్న్‌డన్‌లో రాజారావు గారిల్లు ఉంది. ఆయన పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రాలు రియల్ ఎస్టేట్ చేస్తాడు. గుడికి స్థలం దొరికేదాకా అని, ఆయన గరాజ్‌లో కార్లు బయటపెట్టి వెంకటేశ్వరస్వామి పటం పెట్టారు. ఆదివారం పూజ, ఆ తర్వాత భోజనాలు. వర్జీనియాలో ఉన్న ఆ ఊరికి బాల్టిమోర్ నుంచి గంటకు పైగా డ్రైవ్. ఉజ్వలకి దేవుడి మీద భక్తి ఉంది గానీ అంత దూరం వచ్చేది దేవుడి కోసం కాదు. రాజారావు గారి భార్య శశికళ వంటింట్లోంచి తల బయటపెట్టి, “అమ్మాయ్, ప్లేటు తీసుకున్నావా?” అంటుంది. ఆ ఒక్క ప్రశ్న కోసం వస్తుంది.

ఆ గుడికి స్థలం ఎంతకీ దొరకడంలేదు. వర్జీనియాలో ఏ స్థలం ధర అడిగినా గుడి కమిటీ వాళ్ళ కళ్ళు తిరుగుతున్నాయి.

“వెంకన్నకి కుబేరుడు అప్పిచ్చిండు. మనకెవడిస్తడే అన్నా?” అనేవాడు తేజేశ్వర్. వరంగల్ కుర్రాడు, కమిటీలో అందరికంటే చిన్నవాడు, అందరికంటే నోరున్నవాడు.

అలాంటి ఒక ఆదివారం, చేతిలో పెరుగన్నం ప్లేటుతో ఉజ్వల మెల్లగా అంది. “అంకుల్, మా బాల్టిమోర్‌లో ఒక చర్చి ఉంది.”

*

ఆ చర్చిని ఆమె అక్టోబర్ నెలలో ఒక పొద్దున మొదటిసారి చూసింది. సెయింట్ మంగో చర్చి. వందేళ్ళ కిందట స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి ఓడలు కట్టే పనికి వచ్చినవాళ్ళు కట్టుకున్నారు. వాళ్ళ పిల్లలు బాగుపడి శివార్లకి వెళ్ళిపోయాక వీధిలోని నల్లజాతి కుటుంబాల వాళ్ళు అందులో ప్రార్థనలు చేసుకున్నారు. వాళ్ళ పిల్లలూ వెళ్ళిపోయారు. ఇప్పుడది ఒక ట్రస్టు చేతిలో ఉంది. తాళం వేసుకోవడం తప్ప ఆ ట్రస్టు చేసేదేమీ లేదు.

వీధి పొడుగునా ఒకదానికొకటి అంటుకున్న ఇటుక ఇళ్ళు, ప్రతి ఇంటికీ పాలరాతి మెట్లు. అన్నీ ఖాళీ, ఒక్కటి తప్ప. ఆ ఒక్క ఇంటి ముందు ఒక ముసలామె వంగి, బ్రష్షూ సబ్బుపొడీ పెట్టి మెట్లు తోముతోంది. పేరు డలోరెస్. వీధిలో అందరూ ఉన్న రోజుల్లో ఆమెని మిస్ డలోరెస్ అనేవారు, ఇప్పుడు అనడానికి ఎవరూ లేరు.

“మా ఊళ్ళో కూడా పొద్దున్నే వాకిలి కడుగుతారండీ. కడిగి ముగ్గేస్తారు” అని ఉజ్వల తన ఇంగ్లీషులో చెప్పింది.

“ముగ్గెందుకు?”

“ఇంట్లో మనుషులున్నారని తెలియడానికి.”

మిస్ డలోరెస్ నడుము పట్టుకుని లేచింది. “నేనూ అందుకే తోముతున్నా, హనీ. లేకపోతే నా తలుపుకీ చెక్క కొట్టేసి పోతారు మీ సిటీ వాళ్ళు.”

చర్చి లోపల పావురాల కంపు, తడిసి ఉబ్బిన బల్లలు. ఉజ్వల టార్చి వేసుకుని నడిచి, మధ్యలో ఆగిపోయి టార్చి ఆర్పేసింది.

ఎదురుగా తూర్పు గోడ. అది తిన్నగా లేదు. పెద్ద కాగుని నిలువునా సగానికి కోసి నిలబెట్టినట్టు గుండ్రంగా వంగి ఉంది. ఎర్రటి ఇసకరాయి. అందులో జానెడు వెడల్పున, నిలువెత్తు కిటికీలు, ఒకదానికంటే ఒకటి కాస్త పైకి, మెట్ల వరసలా. బొమ్మల అద్దాలు కావు, వట్టి లేతాకుపచ్చ అద్దాలు. బయట పొద్దు ఎక్కేకొద్దీ లోపల వెలుతురు ఒక కిటికీ దిగి పక్క కిటికీ ఎక్కుతోంది. ఆ రాయి చెక్కినవాడికి ఆ పొద్దు నడక ముందే తెలుసు. ఉజ్వల బల్ల మీది దుమ్ము చేత్తో తుడిచి కూర్చుంది. చదువుకున్న పుస్తకాల్లో ఇలాంటివి చూసింది గానీ తన ఒక్కదాని కోసం తెరిచినట్టు ఒక గోడని ఎప్పుడూ చూడలేదు. ఆ గోడకి బయటివైపు ఒక పగులుంది. పైన చూరు కాలువలో ఆకులు పేరుకుని, వాననీళ్ళు గొట్టంలోకి దిగక గోడ మీదుగా కారి కారి వచ్చిన పగులు. ఇవాళ కాలువ బాగుచేస్తే రేపటినుంచి ఆగిపోతుంది. చేసేవాళ్ళెవరు?

మనుషులు కావాలి, అనుకుంది. ఏ మనుషులైనా సరే.

*

కమిటీ వాళ్ళు ఫిబ్రవరిలో చూడ్డానికొచ్చారు. ఆ రోజు పొద్దుట్నుంచీ ముసురు. ఆకాశమంతా బూడిద రంగు, సూర్యుడు ఏ మూలున్నాడో తెలియదు.

“సెయింట్ మంగోనా? మామిడిపండు చర్చా?” అని శశికళ గొడుగు కింద నవ్వింది. “ఎండాకాలం నైవేద్యానికి ఢోకా లేదు.”

“ముందు సింహద్వారం ఎటుందో చూడండి. మిగతావన్నీ తర్వాత” అన్నాడు రాజారావు. ఇళ్ళు కొనే తెలుగువాళ్ళందరికీ ఆయన చెప్పే మొదటి మాట అదే. వంటిల్లు చూడకముందు, రేటు అడగకముందు, గుమ్మంలో నిలబడి ఫోన్ తీసి కంపాస్ చూడాలి. అమెరికా ఏజెంట్లకి కూడా ఇది అలవాటైపోయి, మనవాళ్ళు కారు దిగగానే చేతులు కట్టుకుని పక్కకి నిలబడతారు.

ముసురు తగలకుండా రాజారావు చర్చి ముందున్న వసారాలోకి ఎక్కాడు. రెండు పక్కలా మనిషి కావలించుకుంటే అందనంత లావు పోత ఇనుప స్తంభాలు. ఆయన ఫోన్ వెనక, కారులో అతికించుకోవడానికి అయస్కాంతం బిళ్ళ. స్తంభానికి ఆనుకుని, తలుపు వైపు వీపుపెట్టి, వీధికేసి ఫోన్ చాచాడు.

“ఈస్ట్!” అన్నాడు. “ఎగ్జాక్ట్ ఈస్ట్! చూడండి, స్వామి మనల్ని ఎక్కడికి పిలిచాడో!”

“నా ఫోన్ల వేరే చూపెడుతున్నదే అన్నా.”

“నీది చీప్ ఫోను కదయ్యా, అలాగే చూపిస్తుంది.”

అందరూ నవ్వారు. తేజేశ్వర్ కూడా నవ్వి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఉజ్వలకి తెలుసు. అది పడమటి వాకిలి. ఆ చర్చి కట్టినవాళ్ళు పడమట తలుపు పెట్టి, తూర్పు గోడ వైపు మొహం తిప్పి ప్రార్థన చేసుకున్నారు. ఇనుము పక్కన అయస్కాంతంతో కంపాస్ పట్టుకుంటే సూది ఎటైనా తిరుగుతుంది. నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే శశికళ ఆమె చెయ్యి పట్టుకుంది. తడిసిన చెయ్యి, గాజులు చల్లగా ఉన్నాయి. “ఆ పక్క గదిలో వంటశాల పెట్టుకుందాం. వంట మేం చూసుకుంటాం. నువ్వు ఊళ్ళోనే ఉంటావు కాబట్టి తాళాలు నీ దగ్గరే అమ్మాయ్. పొద్దున్నే తలుపు తీసి దీపం పెట్టేది నువ్వే.”

ఉజ్వల నోరు మూసుకుంది.

అబద్ధం ఆడలేదు కదా అని ఆ రాత్రి తనకి తనే చెప్పుకుంది. నన్నెవరూ అడగలేదు కదా. మనుషులొస్తారు, చూరు కాలువ బాగవుతుంది, గోడ నిలుస్తుంది. దేవుడు ఎటు చూస్తేనేం. అలా అనుకుందే గానీ, మనసులో ఆ తాళంగుత్తి బరువు మాత్రం అప్పుడే చేతికి తెలుస్తోంది.

*

అగ్రిమెంట్ అయింది. ఉగాదికి ముందు ఒక శనివారం చిన్న పూజ పెట్టుకున్నారు. రాజమండ్రి నుంచి కూతురి దగ్గరికి వచ్చి ఉన్న భీమశంకరం గారు వాస్తూ పౌరోహిత్యమూ బాగా తెలిసిన మనిషి. ఆయనే ముహూర్తం పెట్టారు. గోధూళి వేళ.

అంతకంటే పెట్టకూడని ముహూర్తం ఇంకోటి లేదని ఉజ్వలకి ఆ మాట వినగానే తెలిసింది. ఆ రోజు మబ్బు పట్టాలని వారం రోజులు కోరుకుంది. మబ్బు పట్టలేదు.

వసారాలో కలశం పెట్టారు. పిల్లలు బూట్లు ఎక్కడ విప్పాలో తెలియక వీధిలోనే ఎదుటింటి మెట్ల మీద కూర్చుని విప్పారు. ఆ మెట్ల పక్కన మిస్ డలోరెస్ కుర్చీ వేసుకుని, మంచి టోపీ పెట్టుకుని కూర్చుంది. వీధి పొడుగునా కార్లు. ఆ వీధిలో అన్ని కార్లు ఆగి ఎన్నేళ్ళయిందో.

భీమశంకరం గారు సంకల్పం చెబుతున్నారు. ఇటుక ఇళ్ళ వరసలో ఒక ఇల్లు కూలిపోయి పడిన సందులోంచి ఎండ సర్రున వచ్చి, వసారా నిండి, తెరిచిన తలుపులోంచి లోపలికి పాకింది. శశికళ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మంత్రం సాగుతూనే ఉంది గానీ వెనక గుసగుసలు మొదలయ్యాయి.

“అన్నా” అన్నాడు తేజేశ్వర్, “పొద్దు గీ దిక్కు గుంకుతున్నదేందే?”

మంత్రం ఆగింది.

అందరూ సూర్యుణ్ణి చూశారు. తర్వాత రాజారావుని చూశారు. రాజారావు ఫోన్ తీశాడు, దానికేసి చూశాడు, మళ్ళీ సూర్యుడికేసి చూశాడు. ఎవరిని నమ్మాలో ఆయనకి కాసేపు తెలియలేదు.

“సూర్యుడు తప్పు చూపించడు రాజారావు గారూ” అన్నారు భీమశంకరం గారు నెమ్మదిగా, కలశం పక్కకి జరిపి. “ఇది పడమటి సింహద్వారం.”

“మ్యాప్ చూసుకోలేదటండీ?” అంది శశికళ.

“ఎవరు చూస్తారే మ్యాపు! కంపాస్ చూశాం కదా! అందరూ చూశారు కదా!”

“నా ఫోన్ అప్పుడే మొత్తుకున్నది” అన్నాడు తేజేశ్వర్. ఎవరూ నవ్వలేదు.

ఉజ్వల ముందుకొచ్చింది. “పంతులుగారూ, మాది కాళహస్తండీ. మా స్వామి పడమటికే చూస్తాడు కదండీ. అలా ఉండకూడదాండీ?”

ఆయన ఆమెకేసి దయగా చూశారు. “అది వాయులింగం తల్లీ. స్వయంభువు. ఆయనకై ఆయన వెలిశాడు. తనకై తను వెలిసినవాడికి వాస్తు చెప్పేదెవరు? మనం తెచ్చి నిలబెట్టేవాడికి మనమే చూడాలి.”

ఆయన లోపలికెళ్ళి అటూ ఇటూ నడిచి, తూర్పు గోడ ముందు నిలబడి, చేత్తో రాతిని తట్టారు. “ఈ గోడ తీసేస్తే సరి. ఇటు ద్వారం పెట్టి, అటు మూసేసి, స్వామిని తూర్పుముఖంగా నిలుపుకోవచ్చు. బంగారంలాంటి చోటు.”

కమిటీ అంతా గట్టిగా ఊపిరి వదిలింది. రాజారావు కళ్ళు తుడుచుకున్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఉజ్వల చిన్నప్పట్నుంచీ వింటోంది. ఆ సాయంత్రం ఆ సామెత ఎవరి గురించి పుట్టిందో అర్థమైంది. తను మొదటి రోజే ఉన్నమాట చెప్పి ఉంటే వీళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళేవాళ్ళు. గోడ వానకి నానుతూ ఇంకో పాతికేళ్ళు నిలిచేది. తను నోరు మూసుకోవడం వల్ల దాని ఎదుటికి ఇప్పుడు గునపం వచ్చింది.

*

గోడ పగలగొట్టాలంటే పాత కట్టడాల సంగతి చూసే సిటీ కమిషన్ ఒప్పుకోవాలి. కమిషన్ వాళ్ళు మే నెలలో హియరింగ్ పెట్టారు. కట్టడం గురించి చెప్పాల్సింది ఉజ్వల కంపెనీ. కొనేవాళ్ళు తనకి తెలిసినవాళ్ళని ఉజ్వల తన బాస్‌కి ముందే చెప్పేసింది. “ఆ సంగతి అక్కడ కూడా చెప్పి, ఆ తర్వాత ఉన్నది చెప్పు. ఆ చర్చిని నీకంటే ఎక్కువ చూసినవాళ్ళు లేరు” అంది బాస్.

హియరింగ్ ముందు ఆదివారం భోజనాలయ్యాక రాజారావు ఆమెని ఇంటి వెనక చెక్క డెక్ మీదకి పిలిచాడు. శశికళ కాఫీ తెచ్చి, అక్కడే రెయిలింగ్‌కి ఆనుకుని నిలబడింది.

“చూడమ్మా, నువ్వు మా ఇంటి పిల్లవి. నీ ఉద్యోగానికి ఇబ్బంది వచ్చే పని నేను చెప్పను. అబద్ధం ఆడమనట్లేదు. ఆ గోడకి పగులుందా లేదా?”

“ఉందంకుల్.”

“ఉందని చెప్పు. అంతే. అది ఎందుకొచ్చింది, ఎలా ఆపాలి, అవన్నీ వాళ్ళడిగితే చూద్దాం. అడక్కపోతే వదిలెయ్. క్రాక్ ఉన్న గోడ కాబట్టి పర్మిషన్ ఇచ్చేస్తారు. నీకు తెలియందేముంది, ప్రాసెస్ అంతా నీ చేతిలోదేగా.”

“ఆ గోడే కదంకుల్ అక్కడున్నది. మిగతా చర్చి మామూలు చర్చే. ఇంకో దారి...”

“గోడలు మళ్ళీ కట్టుకోవచ్చమ్మా. మనుషులు చెదిరిపోతే మళ్ళీ కూడరు. ఈ కమిటీని నిలబెట్టడానికి నేనెన్ని వీకెండ్స్ ఖర్చుపెట్టానో నీకు తెలుసు. ఆ పిల్లలు బూట్లు విప్పి వీధిలో నిలబడ్డారు, చూశావా? వాళ్ళ కోసం అడుగుతున్నా.”

ఆయన మాటల్లో మోసం లేదు. అదే ఉజ్వలకి కష్టంగా ఉంది.

శశికళ కప్పు అందుకుంటూ మెల్లగా అంది. “తాళాలు నీకే అని నేనన్న మాట అలాగే ఉంది అమ్మాయ్. ఆలోచించుకో.”

బాల్టిమోర్‌కి తిరిగి డ్రైవ్ చేస్తూ ఉజ్వల ఆలోచించుకుంది. మొదటిసారీ తను అబద్ధం ఆడలేదు. ఊరుకుంది. ఇప్పుడూ అబద్ధం ఆడక్కర్లేదట. ఊరుకుంటే చాలట. ఊరుకోవడం ఎంత తేలికో, అది ఎంత దూరం తీసుకెళుతుందో ఆమెకి ఇప్పటికి బాగా తెలిసొచ్చింది.

*

హియరింగ్ రోజు కమిటీ వాళ్ళు పట్టుచీరలతో, కోట్లతో ముందు వరసలో కూర్చున్నారు. శశికళ ఉజ్వలని చూసి, కూర్చోమన్నట్టు పక్క కుర్చీలో బ్యాగు తీసి కింద పెట్టింది. ఉజ్వల చేత్తోనే వద్దన్నట్టు చెప్పి, వెనక తన కంపెనీ వాళ్ళ పక్కన కూర్చుంది.

పిలిచారు. కొనేవాళ్ళు తనకి తెలిసినవాళ్ళని, వాళ్ళింట్లో ప్రతి ఆదివారం అన్నం తిన్నానని మొదటే చెప్పింది. తర్వాత గోడ గురించి చెప్పింది. పగులుంది అంది. ఒక్క క్షణం ఆగింది. అక్కడితో కూర్చోవచ్చు. కమిషన్ పెద్దాయన అప్పటికే తర్వాతి కాగితం తీస్తున్నాడు.

“ఆ పగులు పైపైదే” అంది ఉజ్వల. “చూరు కాలువ పూడి నీళ్ళు కారడం వల్ల వచ్చింది. కాలువ శుభ్రం చేస్తే ఆగిపోతుంది. గోడ గట్టిగా ఉంది. నేను ఈ ఊళ్ళో చూసిన కట్టడాల్లో ఇంత మంచి గోడ ఇంకోటి లేదు. దాన్ని తీసేస్తే ఆ చర్చిలో కాపాడటానికి ఏమీ మిగలదు.”

ముందు వరసలో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. శశికళ కిందపెట్టిన బ్యాగు తీసి మళ్ళీ పక్క కుర్చీలో పెట్టింది.

గోడని ముట్టుకోకూడదని కమిషన్ తీర్మానించింది. బయట లిఫ్ట్ దగ్గర రాజారావు ఒక్కడే నిలబడి ఉన్నాడు. కోపంగా లేడు. అలిసిపోయి ఉన్నాడు.

“నీ ఉద్యోగం నువ్వు చేశావు. అది సరే. ఒక్కటి చెప్పు. ఆ రోజు వానలో నేను ఈస్ట్ అన్నప్పుడు నీకు తెలుసా?”

లిఫ్ట్ వచ్చింది, తెరుచుకుంది, ఎవరూ ఎక్కక మూసుకుంది.

“తెలుసంకుల్.”

“మరి చెప్పలేదేం?”

“మీరందరూ వస్తారని.”

ఆయన లిఫ్ట్ కోసం మళ్ళీ ఆగలేదు. మెట్ల దారిన దిగిపోయాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పి, మెట్లు దిగకూడదు. ఒక్కో మెట్టూ పట్టుకుని దిగుతున్న చప్పుడు కిందిదాకా వినిపించింది.

*

ఎవరూ ఆమెని రావద్దనలేదు. మనవాళ్ళు అలా అనరు. వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. పులిహోర ఎవరు, పెరుగు ఎవరు, పేపర్ ప్లేట్లు ఎవరు అని. ఉజ్వల ఒకసారి ‘పులిహోర నేను’ అని పెట్టింది. కాసేపటికి ఎవరో ‘ఆల్రెడీ కవర్డ్, థాంక్స్’ అని పెట్టారు. ఆగస్టులో మనాసస్‌లో ఒక గోడౌన్ దొరికింది. రేకుల కప్పు, నాలుగు తిన్నని గోడలు, తూర్పు వాకిలి. తేజేశ్వర్ ఒక్కడే విడిగా ఫోటో పంపాడు. ‘ఈసారి పొద్దున్నే పోయి సూర్యుణ్ణి చూసి మరీ కొన్నం అక్కా’ అని. ఉజ్వల నవ్వింది, జవాబు టైప్ చేసింది, చెరిపేసి చేతులు జోడించిన బొమ్మ పెట్టింది.

చర్చిని కొనడానికి ఇంకెవరూ రాలేదు.

సెప్టెంబర్‌లో మొదటి ఆకులు రాలుతుంటే ఆమెకి నిద్ర పట్టలేదు. ట్రస్టు వాళ్ళకి ఫోన్ చేసి, చూరు కాలువ శుభ్రం చేయిస్తారా అని అడిగింది. మా దగ్గర మనిషి లేడన్నారు. నేను చేసుకోవచ్చా అంది. అవతలి ఆమె అలాంటి ప్రశ్న ఎప్పుడూ విననట్టు ఆగి, ఇన్సూరెన్స్ కాగితం మీద సంతకం పెడితే తాళాలు పోస్టులో పంపిస్తామంది. వచ్చాయి. తుప్పుపట్టిన గుత్తి, అనుకున్నంత బరువూ ఉంది.

ఆదివారం మధ్యాహ్నం, హెర్న్‌డన్‌లో భోజనాల వేళ, ఉజ్వల అద్దెకి తెచ్చిన నిచ్చెన తూర్పు గోడకి ఆనించి ఎక్కింది. కాలువలో ఆకులు కుళ్ళి నల్లటి బురదైపోయాయి. చేతులకి గ్లవ్స్ వేసుకుని గుప్పిళ్ళతో తీసి బకెట్‌లో వేసింది. పావురం ఈకలు, ఒక టెన్నిస్ బంతి, గొంతు దాకా కూరుకుపోయిన గొట్టం. కిందికి చూస్తే మిస్ డలోరెస్ రోడ్డు దాటి వచ్చి నిచ్చెన కాళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

“ముసలిదాన్ని చంపేస్తావా ఏం? పడితే నా మీదే పడతావు.”

“వద్దండీ, నేను చూసుకుంటాను.”

“చూసుకుంటావు. చూస్తున్నా కదా.” ఆమె నిచ్చెనని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. “మీ వాళ్ళు ఇక రారటగా.”

“రారండీ.”

“నేనారోజు టోపీ పెట్టుకున్నాను. చూశావా?”

“చూశాను.”

“పిల్లలు నా మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పారు. గంట మోగించారు. ఎవరి దేవుడైతేనేం, ఆదివారం ఈ వీధిలో మనుషులుంటారు అనుకున్నాను.” ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతోంది. “ఆ గోడ నాకు తెలుసు, హనీ. అరవై ఏళ్ళు దానికెదురుగా నిలబడి పాడాను. మంచి గోడ. కానీ నన్నడిగితే గోడ ఇచ్చేసి మనుషుల్ని తెచ్చుకునేదాన్ని.”

ఉజ్వల చేతిలో బురద పట్టుకుని నిచ్చెన మీద అలాగే ఉండిపోయింది. హియరింగ్‌కి ముందు అందరితో మాట్లాడింది. ఈ వీధిలో మిగిలిన ఒక్క మనిషినీ అడగాలని ఆమెకి తోచలేదు.

“నన్నడగలేదుగా” అంది మిస్ డలోరెస్, ఆమె మనసులో మాట విన్నట్టే. “సరే కానీ, ఆ గొట్టంలో నీళ్ళు పోసి చూడు.”

పోసింది. నీళ్ళు ఒక క్షణం పైనే నిలిచి, గుడగుడమని, గొట్టం పొడుగునా దిగి కింద రాళ్ళ మీద పడ్డాయి. గోడ పొడిగా ఉంది.

బకెట్లు మోసి, నిచ్చెన కారు మీద కట్టేసరికి సాయంత్రమైంది. మిస్ డలోరెస్ ఎప్పుడో లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఉజ్వల ఒకసారి చూసిపోదామని చర్చి లోపలికెళ్ళి, గాలి ఆడాలని ముందు తలుపులు రెండూ బార్లా తీసింది.

కూలిన ఇంటి సందులోంచి ఎండ వచ్చింది. వసారాలోంచి, ఇనుప స్తంభాల మధ్యనుంచి, బల్లల మీదుగా నేల పొడుగునా పాకుతూ వెళ్ళి తూర్పు గోడని తాకింది. పూజ రోజు అందరూ సూర్యుడి వైపే చూశారు, తనూ అటే చూసింది. ఆ ఎండ వెళ్ళి ఎక్కడ ఆగుతుందో అప్పుడు ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఎర్రరాయి మెల్లగా రగిలింది, కింది నుంచి పైదాకా. పొద్దున్నే బయటినుంచి వచ్చే వెలుగు కోసం కట్టిన గోడ ఇది. సాయంత్రం లోపలినుంచి ఇలా ఉంటుందని ఆమె కమిషన్‌కి చెప్పినదాంట్లో ఎక్కడా చెప్పలేదు. తెలిస్తే కదా చెప్పడానికి.

భీమశంకరం గారిని పిలిచి చూపించాలనిపించింది. శశికళ ఆంటీకి చూపించాలనిపించింది. ఫోన్ తీసి ఫోటో పట్టింది. స్క్రీన్ మీద అది వట్టి ఎర్రటి మరకలా ఉంది. గ్రూపులో పెట్టబోయి, ఫోన్ జేబులో పెట్టుకుంది.

గోడ మీద వెలుగు పైకెక్కి, సన్నబడి, పోయింది. ఉజ్వల తలుపులు దగ్గరికి లాగి తాళం వేసింది. గట్టిగా పడిందో లేదో ఒకసారి లాగి చూసింది. ఎదుటింటి మెట్లు అప్పుడే మళ్ళీ తోమినట్టు తడిగా మెరుస్తున్నాయి. పైన కిటికీలో టీవీ వెలుతురు. తలుపు కొడదామని రోడ్డు సగం దాటింది. ఏమని చెప్పాలో తోచక, ఆ మెట్ల కింద నిలబడింది.

కిటికీ పైకి లేచింది. “తడి మెట్టు తొక్కకు” అంది మిస్ డలోరెస్. “పక్కనుంచి ఎక్కిరా.”

ఉజ్వల చెప్పులు విప్పి కింద పెట్టి, పక్కనుంచి ఎక్కింది.